తాత వరండాలో చేపల తొట్టి

నాగూర్ మీరాకు చెప్పడానికి మాటలున్నాయి, వినడానికి మనుషులున్నారు, కూర్చోబెట్టుకోవడానికి ఒంగోలులో అద్దెగది కూడా ఉంది. లేనిదల్లా తాత నోటి మాట ఒక్కటే.

తాతంటే బుడేసాయిబు తాత. చీరాలలో పరుపులు, బొంతలు కుట్టుకుని బతికే ముసలాయన. సూఫీ గురువంటే గడ్డం నిమురుకుంటూ గంభీరంగా కూర్చుంటాడనుకుని వచ్చిన కొత్తవాళ్లు, ఒంటినిండా దూదితో, నోట్లో దారప్పోగుతో ఉన్న ఆయన్నే పట్టుకుని "తాతగారున్నారా?" అని అడిగేవాళ్లు. "ఉంటాడులే, కూర్చోండి" అనేవాడాయన.

వాళ్ల పరంపరలో ఒక పద్ధతుంది. ఎన్నేళ్లు సేవ చేసినా సరే, గురువు తన నోటితో చెప్పేదాకా శిష్యుడు ఇంకొకరికి గురువుగా కూర్చోకూడదు. మీరా పదకొండేళ్లుగా ఒక్క గురువారం కూడా మానకుండా వస్తున్నాడు. చీరాలలోనే హైస్కూల్లో లెక్కల మాస్టారు. సందేహం ఏదైనా కానివ్వండి, మీరు అడగడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేస్తాడు. అంత ధీమా మనిషి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, ఒంగోలులో ఏడుగురు నాకోసం కాచుకుని ఉన్నారు. మీరు ఊ అంటే చాలు. నేను చెప్పగలను."

"చెప్పగలవు, దానికేం" అన్నాడు తాత సూదిలో దారం ఎక్కిస్తూ. "ముందు నాకో పని చేసిపెట్టు. వచ్చినవాళ్లు వరండాలో నా గోడ చూస్తూ కూర్చుంటున్నారు పాపం. ఓ అక్వేరియం తెచ్చిపెట్టు, రంగురంగుల చేపలతో. అది కుదిరాక నీ సంగతి చూద్దాం."

ఇంతేనా! మీరా ఎగిరి గంతేసినంత పని చేశాడు. పదకొండేళ్ల ఎదురుచూపు ఒక చేపల తొట్టితో తీరిపోతుందంటే ఎవరికి మాత్రం చేదు?

మరుసటి గురువారం స్కూలుకి సెలవు పెట్టి, పొద్దున్నే స్టేషన్ రోడ్డులో దానియేలు చేపల షాపుకి వెళ్లాడు. లోపలికి అడుగుపెడుతూనే గుండ్రటి గాజు బౌలు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది చాలు దానియేలూ. చిన్నదైతే చూసుకోవడం సులువు."

"చిన్నదే కష్టం మాస్టారూ" అన్నాడు దానియేలు. "నీళ్లు కాసినే కదా, ఒక్క పూటలో పాడైపోతాయి. పెద్ద తొట్టయితే మనం ఏదైనా తప్పు చేసినా దిద్దుకోడానికి టైముంటుంది. ఇంతకీ ఎక్కడ పెడతారు? ఎండ పడుతుందా అక్కడ? బల్ల బరువు ఆపుతుందా?"

"నేనూ అదే అనుకున్నాలే" అన్నాడు మీరా. అనుకోలేదు. కానీ అతనికది అలవాటు.

మొత్తానికి మూడడుగుల తొట్టి తీసుకున్నాడు. ఫిల్టరు, హీటరు, లైటు, ఇసుక, నాలుగు మొక్కలు. ఆ తర్వాత చేపల వైపు తిరిగాడు. నీలంగా, ఎర్రగా గీతలు మెరుస్తున్న బుల్లి టెట్రాలు గుంపుగా తిరుగుతున్నాయి. "అవి ఇరవై కట్టు" అన్నాడు.

"చేపలు ఇవాళ వద్దు మాస్టారూ. తొట్టి పెట్టి, నీళ్లు పోసి, ఫిల్టరు ఆన్ చేసి నెలరోజులు వదిలేయండి. నీళ్లు కుదరాలి."

"నీళ్లు కుదరడమేంటయ్యా? నీళ్లు నీళ్లే. సాయంత్రానికి నలభైమంది వస్తారు, ఉత్త నీళ్లు చూపించమంటావా?"

దానియేలు ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. ఈయన వింటేగా! చివరికి చేపల్ని రెండు కవర్లలో కట్టిచ్చి, "చీకటి పడేదాకా వీటికేం కాదు. మనసు మారితే వెనక్కి తెచ్చేయండి, మారు మాట్లాడకుండా తీసుకుంటా" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా తాత వరండాలో తొట్టి అమిరింది. మీరా మునిసిపాలిటీ కుళాయి నీళ్లు బకెట్లతో మోసి తనే నింపాడు. సాయంత్రం లైటు వెయ్యగానే వచ్చినవాళ్లంతా "అబ్బో!" అన్నారు. అబ్బో అంటే ఆగే మనిషా మీరా? ఒక చేతిలో చేపల కవర్లు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి మొదలుపెట్టాడు.

"చూశారా, ఈ తొట్టి మన మనసు లాంటిది. ఈ నీరు గురువు కృప. ఈ చేపలు..."

తాత లోపల్నించి స్టీలు గ్లాసు పట్టుకొచ్చాడు. తొట్టిలో ముంచి మీరా ముందు పెట్టాడు.

"గొంతెండిపోయి ఉంటుంది. తాగు."

గురువు ఇచ్చింది కాదనకూడదు. మీరా ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం వరండా చివరికి పరిగెత్తి వీధిలోకి ఉమ్మేశాడు.

"ఏమైంది?" అన్నాడు తాత.

"బ్లీచింగు తాతా! పైగా తొట్టికి వేసిన జిగురు వాసన. నోట్లో పెట్టుకోలేం."

తాత అతని చేతిలోని కవర్ల వైపు చూశాడు. ఇరవై చేపలూ మూతులు ఆడిస్తున్నాయి.

"నీకు వీధుంది, పోయి ఉమ్మేశావు. వాటికి?"

మీరాకు తల కొట్టేసినట్టయింది. చెప్పులు వేసుకుని, కవర్లు గుండెకు ఆనించుకుని, షాపు మూసేలోపు వెళ్లాలని గబగబా నడిచాడు. దారిలో ఒంగోలుకు ఫోన్ చేసి, గది ఇప్పట్లో తెరవడం లేదని చెప్పేశాడు.

"తీసుకో దానియేలూ. నీళ్లు కుదరడమంటే ఏంటో ఇప్పుడు చెప్పు. మధ్యలో మాట్లాడను."

దానియేలు స్టూలు వేశాడు. "ముందు బ్లీచింగు పోవాలి. తర్వాత నీళ్లలో కంటికి కనపడని జీవాలు పెరగాలండీ. చేపలు చేసే మురికిని విరిచేసేవి అవే. అవి రోజూ చిటికెడు మేతతో వాటంతటవే పెరుగుతాయి. మనం చేయాల్సింది ఆగడమే."

ఆగడం మీరాకు చేతకాని విద్య. స్కూలు అవ్వగానే రోజూ వచ్చి చిటికెడు మేత వేసి, ఉత్త నీళ్ల ముందు కూర్చునేవాడు. రెండోవారం నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. కంగారుపడి అంతా పారబోయబోయాడు. ఫోన్లో దానియేలు "ముట్టుకోవద్దు" అంటే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గురువారం వచ్చినవాళ్లు ఊరుకుంటారా? "మాస్టారూ, ఇవేం చేపలండీ, కంటికి ఆనవే!" అని ఆటపట్టించారు. మొదట్లో ఒళ్లు మండింది. తర్వాత తర్వాత అతనే వాళ్లతో కలిసి నవ్వడం మొదలుపెట్టాడు. తాత మాత్రం తొట్టి సంగతి ఎత్తలేదు, ఒంగోలు సంగతి అసలే ఎత్తలేదు.

ఆరోవారం దానియేలు స్వయంగా వచ్చాడు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, రెండు చుక్కల మందు వేసి, రంగు చూసి తలూపాడు. "ఆరు చాలు మాస్టారూ ఇప్పటికి."

"నువ్వెన్నంటే అన్ని" అన్నాడు మీరా.

ఆరు టెట్రాలు తొట్టిలో దిగాయి. కాసేపు మొక్క చాటున నక్కి, మెల్లగా ఒకటొకటే బయటికొచ్చాయి. మీరా కిందే కూర్చుని వాటినే చూస్తున్నాడు. అంత సంతోషం అతనికి ఈమధ్య ఎరుకలేదు.

అప్పుడే జాండ్రపేట నుంచి ఒక నేతపనివాడు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తాత కోసం వచ్చి, తొట్టి పక్కన కూర్చుని, చేపల్ని చూస్తూ చూస్తూ తనలో తను అనుకున్నట్టే చెప్పడం మొదలుపెట్టాడు. భార్య పోయి రెండు నెలలైందట. మగ్గం మీద కూర్చుంటే చేతులు ఆడటం లేదట.

మీరా నోట్లోకి మూడు జవాబులు వచ్చాయి. మూడూ మంచివే. మూడింటినీ మింగేశాడు.

"ఆవిడ పేరేంటన్నా?" అని మాత్రం అడిగాడు.

ఆ మనిషి ఉలిక్కిపడ్డాడు. "మాణిక్యమండీ" అన్నాడు. "పోయిన్నాటి నుంచీ ఎవరూ అడగలేదండీ ఆ పేరు."

ఇక ఆగలేదు. మాణిక్యం నవ్వు గురించి చెప్పాడు, కోపం గురించి చెప్పాడు, ఆసుపత్రిలో ఆఖరి రోజు గురించి చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మీరా అతని చెయ్యి పట్టుకుని వింటూనే ఉన్నాడు. చాలాసేపటికి ఆ మనిషి కండువాతో మొహం తుడుచుకుని లేచాడు.

"పొద్దుపోతోంది. లోపలికెళ్లి తాతగారిని చూడొచ్చాండీ?"

తాత అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించో తెలియదు.

"నాతో ఏం పని నాయనా?" అన్నాడు. "వచ్చే గురువారం కూడా ఈయన దగ్గరికే రా."