తిరిగొచ్చే తీగ

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు వకుళమ్మ గారికి లేదు. ప్రశ్న విని ఊరుకునేవారు, లేదా ఏదో ఒక పని పురమాయించేవారు. ఆమెకు మఠమంటూ లేదు. జీపు వెనక తగిలించిన ట్రైలరే ఆమె ఇల్లు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, బ్యాటరీ మీద నడిచే ఫ్యానూ లైటూ, చిన్న ఫ్రిజ్ ఉండేవి. కడప జిల్లా పల్లెల్లో తగువులు పడ్డవాళ్లు కబురు పెడితే ఆ బండిలోనే వెళ్లి, సర్దిచెప్పి వచ్చేవారు. వెంట ఇద్దరు శిష్యులు. జీపు నడిపి వంట చేసే ఓబులేసు వయసులో పెద్దవాడు. ప్రొద్దుటూరులో మోటారు వైండింగు షాపు మూసేసి వచ్చిన చెన్నకేశవులు చిన్నవాడు, కోపిష్టి.

ఆ వేసవిలో ఒక ఊళ్లో బోరు నీళ్ల కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములు ఆమెను పిలిపించారు. ఆమె నోరు తెరవకముందే చెన్నకేశవులు లేచి ఇద్దరినీ కడిగేశాడు. అన్న దొంగచాటుగా మోటారు వేసుకుంటున్నాడనీ, తమ్ముడు ఒళ్లొంచకుండా వాటా అడుగుతున్నాడనీ ఊరందరి ముందే అన్నాడు. వాళ్లేదో చెప్పబోతే గొంతు పెంచాడు. అన్నదమ్ములిద్దరూ తుండ్లు దులుపుకొని లేచిపోయారు. జనం కూడా లేచారు.

ఊరు దాటి చింతతోపులో బండి ఆపేసరికి చెన్నకేశవులు కుతకుతా ఉడుకుతున్నాడు.

“నేనన్న దాంట్లో అబద్ధం ఉంటే చెప్పండమ్మా. నిజమే అయితే ఒక్కడి చెవికీ ఎందుకు ఎక్కదు?”

వకుళమ్మ గారు చెమట తుడుచుకుంటూ, ఫ్యాను తిరగడం లేదు, ముందు అది చూడమన్నారు.

ఫ్యానే కాదు, లైటు వెలగలేదు, ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. ఫ్రిజ్‌లో ఆమె వేసుకునే ఇన్సులిన్ ఉంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ మందు చెడితే మళ్లీ దొరికేది జమ్మలమడుగులోనే. చెన్నకేశవులుకు ఓబులేసు మీద ఒళ్లు మండింది. ఈమధ్యనే ట్రైలరులో కొత్త లైటు బిగించింది అతనే. ఆ చేతులతో ముట్టుకున్నది ఏదీ చక్కగా ఉండదనీ, రానిపనిలో వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినడనీ తిట్టాడు. ఓబులేసు “అది గాదు కేశవా, మొన్న నువ్వు కింద...” అని మొదలుపెడితే, తనకు చెప్పొద్దని కసిరాడు. కాసేపటికి అతను మళ్లీ దగ్గరికొచ్చి నోరు తెరిస్తే, చేతిలోని స్క్రూడ్రైవరు నేలకేసి కొట్టాడు. ఓబులేసు ముఖం నల్లబడింది. మాట్లాడకుండా వెళ్లి మందు సీసాలను మట్టికుండలో పెట్టి, తడిగుడ్డ చుట్టి, జీపు నీడన కూర్చున్నాడు.

చెన్నకేశవులు టెస్టు బల్బు తీగ ఒకటి బ్యాటరీకి తగిలించి, రెండోదానితో కరెంటు ఎక్కడ తెగిందో వెతకడం మొదలుపెట్టాడు. ఫ్యూజు దగ్గర వెలిగింది. స్విచ్చి దగ్గర వెలిగింది. ఫ్యానులోకి పోయే తీగ దగ్గరా దివ్యంగా వెలిగింది. ఫ్యాను మాత్రం కదల్లేదు. ఫ్యూజు మార్చాడు, స్విచ్చి మార్చాడు, ఓబులేసు బిగించిన లైటును పీకి అవతల పడేశాడు. పైకప్పు చెక్క ఊడదీసి తీగలన్నీ బయటికి లాగాడు. ఎక్కడ చూసినా కరెంటు వస్తూనే ఉంది. ఫ్యాను రెక్కను చేత్తో చరిచాడు. అది సగం చుట్టు తిరిగి ఆగింది.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చొని చూస్తున్న వకుళమ్మ గారు, ఆ టెస్టు బల్బు అవతలి తీగ ఎక్కడుందని అడిగారు. బ్యాటరీకే ఉందని విసురుగా చెప్పాడు.

“మరి ఫ్యాను అవతలి తీగ?”

అది బండి ఇనుప చట్రానికి కలుస్తుంది. చట్రం నుంచి బ్యాటరీకి ఇంకో తీగ పోతుంది; వెళ్లిన కరెంటు తిరిగి రావాల్సింది ఆ దారినే. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. బండి కిందికి దూరాడు. చట్రం మీద పచ్చరంగు మందంగా నిగనిగలాడుతోంది. తుప్పు పట్టకూడదని మొన్న తానే వేశాడు. ఆ తీగ బోల్టు విప్పి, దాని చోట కూడా రంగు పూసి, ఆరాక తీగను మళ్లీ బిగించాడు. రంగు కరెంటుకు అడ్డమే అయినా, బోల్టు గట్టిగా బిగిసి ఉన్నన్నాళ్లూ దాని మరల్లో ఎక్కడో ఇనుము తగిలి పనిచేసింది. గతుకుల దారిలో కుదుపులకు ఆ కాస్తా వదిలింది. అతను చాకుతో రంగు గీకి, ఇనుము తెల్లబడ్డాక తీగ బిగించాడు. పైన ఫ్యాను గిర్రున తిరిగింది.

బయటికొచ్చి నేరుగా ఓబులేసు దగ్గరికి పోయాడు. కోపం తగ్గలేదు, ఎటు పోవాలో దానికే తెలియడం లేదు. ఇందాక ‘నువ్వు కింద’ అన్నావే, సంగతి తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని నిలదీశాడు.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. “చెప్పబోతి గదా. నోరు మూయించింది నువ్వే. ఆ పైన నాకూ కోపమొచ్చె. అమ్మ మందు కుండలో పెట్టినా గానీ, నీకు చెప్పబుద్ధి కాలేదు. రోజంతా ఆ తీగలు పీక్కుంటా ఉండనీ అనుకున్యా.”

చెన్నకేశవులు వెనక్కి తిరిగాడు. వెళ్లి, తాను పీకి పడేసిన లైటును దుమ్ములోంచి తీసి, పంచెకు తుడిచి, మళ్లీ బిగించాడు. మందు సీసాలు ఫ్రిజ్‌లోకి చేరాయి. అంతా అయ్యాక గురువుగారి ఎదుట నిలబడ్డాడు. గొంతులో ఇంకా వేడి ఉంది.

“అయినా పొద్దున నేను చెప్పింది నిజమేనమ్మా.”

“నిజమే,” అన్నారు వకుళమ్మ గారు. “మాట పోవడానికి దారి బాగానే ఉంది కేశవా. రావడానికే లేదు.”