కొండెక్కిందా?

ఒక ఏటి రేవులో మనుషుల్నీ బళ్లనీ అవతలి ఒడ్డుకు దాటించే పంటు ఉండేది. దాన్ని నడిపే సరంగుకి ఒకే ఒక్క పట్టింపు. పంటు మీద నిప్పు ఉండకూడదు. అతని తండ్రి నడిపిన పంటు ఒక బీడీ ముక్కకి తగలబడిపోయింది మరి. అందుకని తాడు విప్పే ముందు గట్టిగా కేకేసేవాడు, "కొండెక్కిందా?" అని. ఆర్పడం అన్న మాట ఏటి మీద అనకూడదని వాళ్ల ఆచారం. లాంతరైనా, చుట్టయినా, పొయ్యయినా కొండెక్కాల్సిందే. అందరూ "కొండెక్కింది" అంటేనే ముడి వీడేది.

ఈ పట్టింపుతో ఎక్కువ అవస్థ పడింది సరంగు భార్యే. ఆమె రెండు ఒడ్లలోనూ టీ అమ్ముకునేది. ఇవతల రాజేసిన బొగ్గుల మీద నీళ్లు గుమ్మరించడం, అవతల మళ్లీ ఊదుకోవడం. ఆ పొగకి కళ్లు పాడైపోయాయి.

"పెళ్లాన్నని కూడా చూడవా?" అనేది.

"నువ్వు నా పెళ్లానివని నిప్పుకి తెలీదే," అనేవాడు.

ఒకనాడు రేవు పెద్ద ఒక ధనవంతుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది కరెంటుతో నడిచే మెరుపు బండి. పొగ లేదు, చప్పుడు లేదు. జనం దాని అద్దాల్లో మొహాలు చూసుకుని మురిసిపోయారు. పంటు ఎక్కుతుంటే బండి పొట్ట ఇనప అంచుకి కొట్టుకుని ఠంగుమంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఓ చివర పెట్టిద్దామన్నాడు సరంగు. "నలుగురూ చూడొద్దూ? మధ్యలో పెట్టించు," అన్నాడు రేవు పెద్ద. జనం దాని చుట్టూ చేరి కూర్చున్నారు.

సరంగు భార్య వంగి బండి కింద చెయ్యి పెట్టింది. "ఏవయ్యా, దీని పొట్ట కాలిపోతంది. జొరమొచ్చినట్టుంది."

అందరూ పకపకా నవ్వారు. సరంగు నవ్వలేదు. వెళ్లి ధనవంతుడి ముందు నిలబడ్డాడు.

"కొండెక్కిందా అయ్యగారూ?"

"నిప్పే లేనిదానికి కొండెక్కడమేమిటోయ్?"

"ఆ మాట వింటే గాని వీడు తాడు విప్పడు. అనేయండి, ఓ పనైపోతుంది," అన్నాడు రేవు పెద్ద.

"కొండెక్కింది," అన్నాడు ధనవంతుడు నవ్వాపుకుంటూ.

సరంగు చెయ్యి తాడు మీద కాసేపు ఆగింది. భార్య పొయ్యి అప్పటికే తడిసిపోయి ఉంది. అనాల్సిన మాట అన్నారు గదా అని ముడి విప్పాడు. ఇన్నేళ్లూ మాట వినడమే అలవాటై, చూడడం మర్చిపోయాడు. పాపం, అతని తప్పంటే అదొక్కటే.

ఏటి నడుమకి వచ్చేసరికి బండి కింద ఏదో బుస కొట్టింది. తెల్లటి పొగ, వెనకే మంట. చుట్టూ కావలసినన్ని నీళ్లు. బకెట్లతో తోడి పోశారు. మంట తగ్గేది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ లేచేది. సరంగు చుక్కాని వదలకుండా పంటుని ఇసక తిప్పకి తోలాడు. అందరూ దూకి బతికారు, ధనవంతుడితో సహా, రేవు పెద్దతో సహా. చుక్కాని పట్టుకున్నవాడే మిగల్లేదు.

విచారణ రేవు పెద్దే జరిపాడు. "పంటు మీద నిప్పుకి సంబంధించిన వస్తువు ఏముంది?" అని అడిగాడు.

"నా పొయ్యి బాబూ. తడి పొయ్యి. మీరూ చూశారు," అంది సరంగు భార్య.

"పొయ్యా, కాదా?"

"పొయ్యే."

అంతవరకే రాసుకున్నారు.

కొత్త పంటు వచ్చింది. సిగ్గులేని వాళ్లు, దానికి సరంగు పేరే పెట్టారు. పొయ్యిలు ఎక్కించరాదని బోర్డు కట్టారు. మధ్యలో మూడు మెరుపు బళ్లు, చుట్టూ జనం. కొత్త సరంగు ఆచారం తప్పకుండా కేకేశాడు.

"కొండెక్కిందా?"

"కొండెక్కింది!" అని పంటు పంటంతా నవ్వుతూ అరిచింది.

సరంగు భార్య ఒడ్డున టీ కాస్తోంది. ఆమెని ఇక ఎవరూ ఏరు దాటనివ్వరు. అయినా ఆ కేక వినగానే గిన్నె దించి, చెంబెడు నీళ్లు నిప్పుల మీద గుమ్మరించింది.

"అదేంటవ్వా, నువ్వు ఎక్కట్లేదుగా?" అన్నాడు టీ కోసం నిలబడ్డ మనిషి.

"ఈ రేవులో నిప్పన్నది నా దగ్గరే ఉందంట బాబూ," అంది ఆమె. "కొండెక్కింది. ఇంక ఎళ్లమను."