బొటనవేలి కింద చిరుత

రెండేళ్ళపాటు ఒకే మనిషి వెనకాల నడిచి కూడా, ఆ మనిషి చెప్పేది నిజమో అబద్ధమో తేల్చుకోలేకపోతే ఎలా ఉంటుంది? హేమచంద్రకి అచ్చం అలాగే ఉండేది.

అతనిది నరసరావుపేట. అడవి జంతువుల ఫోటోలు తీస్తానని ఉన్న ఉద్యోగం వదిలేసి నల్లమలకి వచ్చాడు. తునికిపెంట అనే చెంచుగూడెంలో మండ్ల బయ్యన్న దగ్గర చేరాడు. బయ్యన్నకి డెబ్భై దాటాయి. ఫారెస్టువాళ్ళ దగ్గర ముప్ఫై ఏళ్ళు వాచరుగా చేశాడు. కెమెరా చేత్తో ముట్టింది లేదు. అయినా ఆ అడవిలో ఫోటోలు నేర్చుకోవాలంటే ఆయన దగ్గరికే వెళ్ళాలని అందరూ చెప్పేవాళ్ళు.

ఆయన పాఠాలేమీ చెప్పలేదు. గాలికి ఎదురుగా కూర్చోబెట్టాడు. కొండముచ్చు ఎందుకు అరిచిందో విననిచ్చాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా ఉండటం నేర్పాడు. కాళ్ళు తిమ్మిరెక్కి హేమచంద్ర మూలుగుతుంటే, "రాయి మూలుగుతుందా అబ్బయ్యా?" అనేవాడు. అంతే.

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటే మింగుడు పడేది కాదు. చిరుత ఎటు పోయిందని ఎప్పుడడిగినా ముసలాయన ఒకటే మాట అనేవాడు. "చూళ్ళేదు."

ఒకసారి వాగు ఒడ్డున ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. హేమచంద్ర తల వంచి లెన్సు మారుస్తున్నాడు. తలెత్తేసరికి బయ్యన్న చూపు ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుగుతోంది. అవతలి ఒడ్డున గడ్డి ఇంకా ఊగుతోంది.

"ఎటు పోయింది తాతా?"

"చూళ్ళేదబ్బయ్యా."

"నీ కళ్ళు తిరగడం నేను చూశాను."

"కళ్ళన్నాక తిరగవా?" అని ఆయన తుండుగుడ్డ దులుపుకుని లేచాడు.

ఆ సాయంత్రం హేమచంద్ర గట్టిగా అడిగితే బయ్యన్న తన నాయనమ్మ చెప్పిన కథ ఒకటి చెప్పాడు. మొదట్లో మనిషీ చిరుతా పక్కపక్క గుహల్లో కాపురం ఉండేవాళ్ళట. ఇద్దరికీ పసిపిల్లలు. అడవిలో పెద్దపులి తిరుగుతోంది. నీ పిల్లల జాడ నేను చెప్పను, నా పిల్లల జాడ నువ్వు చెప్పొద్దు అని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారట. "చిరుతమ్మ ఇంతవరకూ ఒట్టు తప్పలేదు" అన్నాడు బయ్యన్న.

హేమచంద్ర నవ్వి, కథ బాగుందని పుస్తకంలో రాసుకున్నాడు. మనసులో మాత్రం, ముసలాడు నా దగ్గర ఏదో దాస్తున్నాడు అనుకున్నాడు. అనుమానం అక్కడ మొలకెత్తింది.

ఈ ఏడు మాఘమాసంలో అతని పంట పండింది. గురువు లేకుండా ఒంటరిగా తిరుగుతూ, ఒక పెద్ద బండ మీద తల్లి చిరుతని చూశాడు. పక్కన రెండు కూనలు. ఒకటి తల్లి తోక నోట్లో పెట్టుకుని లాగుతోంది. ఆ ఫోటో కోసమే కదా పిచ్చి మారాజు రెండేళ్ళు దోమలకి రక్తం పోసింది.  తీసేటప్పుడు ఏడుపొచ్చింది.

గూడేనికి తిరిగొచ్చి బయ్యన్నకి చెప్పాడు.

ఆయన ఎక్కడ అని అడగలేదు. "ఎవురికన్నా చెప్పావా?" అన్నాడు.

"చోటు ఎవరికీ చెప్పలేదు తాతా. నీక్కూడా చెప్పను."

"మంచిది" అన్నాడు ముసలాయన.

చోటు చెప్పలేదన్నది నిజమే. ఫోటో మాత్రం అప్పటికే ఫోన్లోంచి లోకంలోకి వెళ్ళిపోయింది. మనవాడు జాగ్రత్తపరుడే. అడవి పేరు రాయలేదు. ఫోటోలో దాక్కుని ఉండే జీపీఎస్ చోటు లెక్కలన్నీ తీసేశాడు. కింద బయ్యన్న చెప్పిన ఒట్టు కథ మాత్రం అందంగా రాశాడు. వేలమంది మెచ్చుకున్నారు. ఆ ఫోటో ఒక్క బయ్యన్నకే చూపించలేదు. చూపిస్తే ఏమంటాడో అని భయం.

తొమ్మిదో రోజున మళ్ళీ ఆ బండ దగ్గరికి వెళ్తుంటే, దారిలో కాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే మోటారుసైకిల్ క్లచ్చి వైరు. ఉచ్చు. చిరుత మెడ ఎత్తుకి సరిగ్గా కట్టి, కొసని కొత్తగా చెక్కిన గూటానికి బిగించారు.  హేమచంద్ర దాన్ని పీకి సంచిలో వేసుకున్నాడు. బండ మీద చిరుత లేదు. కూనలు లేవు. ఏమయ్యాయో తెలియలేదు.

తిరిగి వచ్చేదాకా ఒకటే ఆలోచన. చోటు తనకి తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే తన అడుగులు పట్టుకుని రావాలి. ఎండుటాకుల మీద మనిషి అడుగు పట్టుకుని రాగలవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

ఎక్కడ అని ఆయన అడగలేదు కదా. ఎందుకడగలేదు? ముందే తెలుసు కాబట్టి.

ఇక చూడండి, అనుమానం పట్టినవాడికి అన్నీ సాక్ష్యాలే. బయ్యన్న భుజం మీద కొత్త తువ్వాలు. ఎవరు కొనిచ్చారు? మొన్న గూడెం బయట మోటారుసైకిల్ చక్రాల గుర్తులు. ఎవరొచ్చారు? గొడ్డలి పదును పెట్టి ఉంది. దేనికి? పోనీ పదును పెట్టకపోతే ఊరుకునేవాడా? ఎందుకు దాచాడో అనుకునేవాడు.

మర్నాడు ముసలాయన నీళ్ళకి వెళ్ళినప్పుడు హేమచంద్ర చేయకూడని పని చేశాడు. గుడిసెలో చొరబడి మూల ఉన్న వెదురుబుట్ట మూత తీశాడు. బుట్ట నిండా క్లచ్చి వైర్లు. చుట్టలు చుట్టలుగా, కొన్ని తుప్పుపట్టి, కొన్ని తళతళా మెరుస్తూ.  రెండేళ్ళు ఈయన చేతి గంజే కదా తాగాను అనుకున్నాడు.

కూర్చుని రేంజి ఆఫీసరుకి ఉత్తరం రాశాడు. మండ్ల బయ్యన్న అనే మాజీ వాచరు మీద అనుమానం ఉంది అని రాశాడు. ఆ కాగితం చేరితే డెబ్భై దాటిన మనిషి జైల్లో పడతాడు. చేరకపోతే తల్లీ కూనలూ ఉచ్చులో పడతాయి. హేమచంద్ర ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దున్నే బయలుదేరుతుంటే బయ్యన్న గుమ్మంలో ఎదురయ్యాడు.

"యాడికబ్బయ్యా?"

"రేంజి ఆఫీసుకి. మీరు పడుకోండి."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. "రెండేళ్ళూ నువ్వు అన్నోడివి, ఇయ్యాల మీరు అంటన్నావు. మర్యాద బాగా ఎక్కువైందే."

హేమచంద్ర భుజాన సంచి సర్దుకున్నాడు.

"బుట్ట మూత బోర్లా పెట్టిపోయావు నిన్న. నీ సంచిలోంచి వైరు కొస కనపడతంది" అన్నాడు బయ్యన్న. గొడ్డలి భుజాన వేసుకున్నాడు. "నడు. నేనూ వస్తా."

హేమచంద్ర ముందు, బయ్యన్న వెనక. ఇన్నాళ్ళూ తనే వెనక నడిచేవాడు. ఇవాళ వెనక నుంచి అడుగుల చప్పుడు కూడా రావడం లేదు. గొడ్డలి ఉన్న మనిషి ఎంత దూరంలో ఉన్నాడో తెలియదు. వెనక్కి తిరిగి చూడటానికి సిగ్గు, చూడకపోతే భయం. 

అడవి అంచుకొచ్చేసరికి నాసరమ్మ మేకలు మేపుతోంది. రోడ్డు మీది ఊరామె. చిన్నప్పుడు తునికాకు కోతకి అడవంతా తిరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో అంచు దాటి లోపలికి రాదు. ఈ రెండేళ్ళలో ఆమె అడవిలో కాలు పెట్టిందే లేదని హేమచంద్రకీ తెలుసు.

బయ్యన్న ఆగాడు. "నువ్వు తీసిన బొమ్మ చూపించు అబ్బయ్యా."

"ఏ బొమ్మ?"

"నాకు చూపించని బొమ్మ."

హేమచంద్ర ఫోన్ తీసిచ్చాడు. ముసలాయన చిరుత వంక ఒక్క క్షణం చూశాడు. కూనల్ని చూసి ఆయన కళ్ళు మెత్తబడ్డాయి. తర్వాత బొటనవేలు తెచ్చి సరిగ్గా తల్లీ పిల్లల మీద పెట్టాడు. వేలి కింద చిరుత పోయింది. చుట్టూ ఉన్నది మిగిలింది.

అలాగే పట్టుకుని నాసరమ్మ ముందుకి చాపాడు. "ఇది యాడమ్మాయ్?"

ఆమె కళ్ళు చికిలించి చూసింది. ఎంతోసేపు పట్టలేదు.

"తేనెబండ కాదూ. అదిగో, తేనెపట్టు కోసిన నల్ల మచ్చలు మూడూ వరసనే ఉన్నయ్. పిడుగు పడ్డ మద్దిచెట్టు ఉంది. పొద్దుటి ఎండ ఇట్టా పడతంది. పడమటి పక్క నిలబడి తీశారు." ఫోన్ తిరిగిచ్చేస్తూ అంది, "ఏంది, ఈ బండకి ఇంత గిరాకీ వచ్చింది? మొన్న మోటారుసైకిల్ మీద ఒకడొచ్చి ఇదే బొమ్మ చూపించి అడిగాడు. చిరుత ఉన్న బొమ్మ. దారి చెప్పా. ఫోటో తీసుకుంటాడంట, పాపం."

 హేమచంద్ర అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు.

బయ్యన్న అతని వైపు చూడలేదు. "ఈసారి ఎవురన్నా అడిగితే చూళ్ళేదు అను తల్లీ" అని నాసరమ్మతో మాత్రం అన్నాడు.

"ఏం? ఏమన్నా అయిందా అన్నా?" ఆమె మొహం వాడిపోయింది. "నాకేం తెలుసు, బండ సంగతే కదా అడిగింది అనుకున్నా."

హేమచంద్ర ఫోన్ తీసుకుని, లోకానికి పెట్టిన ఫోటో చెరిపేశాడు. అక్కడ సిగ్నల్ వస్తుంది.

"పోయిందా?" అన్నాడు బయ్యన్న.

"నా దగ్గర్నుంచి పోయింది తాతా."

"చూసినోళ్ళ దగ్గర్నుంచి?"

హేమచంద్ర ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దరూ ఆఫీసు వైపు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి తేనెబండకి నడిచారు. ఈసారి బయ్యన్న ముందు. మధ్యాహ్నానికి చేరారు. బండ చుట్టూ పాకి చూస్తే ఇంకో రెండు ఉచ్చులు దొరికాయి. ఒకదానికి పసుపుపచ్చటి వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. 

బయ్యన్న వాటిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "దుప్పిది" అన్నాడు. "తెంపుకుని పోయింది."

ఉచ్చులు రెండూ చుట్ట చుట్టి నడుముకి కట్టుకున్నాడు. హేమచంద్ర ఆ చుట్టనే చూస్తూ ఉండిపోయాడు. బుట్టలో ఉన్నవన్నీ ఇలా పీకి తెచ్చిన చుట్టలే.

"తాతా, నేను నిన్నే అనుకున్నాను."

"తెలుసు."

"నీ పేరు రాసి ఉత్తరం కూడా రాశాను."

"నొప్పిగానే ఉంది అబ్బయ్యా" అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "బుట్ట తీసినందుకు కాదు. అడగనందుకు." చుట్ట ముడి బిగిస్తూ, "ఆ కాయితం పారెయ్యమాక. పేరు కొట్టేసి మోటారుసైకిలోడి సంగతి రాయి. రేపు ఇద్దరం పోయి ఇచ్చొద్దాం" అన్నాడు.

బండ కింద ఇసకలో అడుగులు కనిపించాయి. తాజావి. తల్లివి నాలుగు కాళ్ళూ సమంగా పడ్డాయి, కుంటు లేదు. పక్కనే చిన్న అడుగులు, రెండు జతలు, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ. వాగు దాటి ఏ వైపు పైకి వెళ్ళాయో హేమచంద్ర స్పష్టంగా చూశాడు. కెమెరా మెడలోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోలేదు. పక్కనున్న పొద కొమ్మ విరిచి, వాగు దాకా ఇసక మొత్తం చదును చేశాడు. బయ్యన్న రాయి మీద కూర్చుని చూశాడు.

దిగి వస్తుంటే సగం దారిలో ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. భుజాన కెమెరా సంచి, నెత్తిన టోపీ. హేమచంద్రని గుర్తుపట్టి మొహం వెలిగిపోయింది.

"అన్నా, మీరేగా? మీ ఫోటో చూసే వచ్చానన్నా. మోటారుసైకిల్ రోడ్డు మీద పెట్టి నడిచొస్తున్నా. తల్లీ పిల్లలూ ఇటే ఉన్నాయంటగా. ఎటు పోయాయన్నా?"

మోటారుసైకిల్ అనగానే హేమచంద్ర ఆ కుర్రాడి చేతులు చూశాడు. వేళ్ళకి నల్లగా గ్రీజు మరక ఉంది. బండి బాగుచేసుకుంటే అంటిన మరకో, వైరు పీకితే అంటిన మరకో. కళ్ళు చూశాడు. మంచి కళ్ళలాగే ఉన్నాయి. రెండేళ్ళ కిందట తన కళ్ళూ ఇలాగే ఉండి ఉంటాయి. ఏదీ తేలలేదు. పక్కన బయ్యన్న మోదుగ చెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు, ఈ సంగతి తనది కానట్టు.

"చూళ్ళేదు తమ్ముడూ" అన్నాడు హేమచంద్ర.

"అదేంటన్నా, అటు నుంచేగా వస్తున్నారు?"

"చూళ్ళేదు."

కుర్రాడు నమ్మలేదు. అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. ఇన్నాళ్ళూ తను బయ్యన్నని ఎలా చూశాడో, అలాగే చూశాడు. ఆ చూపు ఎంత గుచ్చుకుంటుందో హేమచంద్రకి అప్పుడే తెలిసింది. కుర్రాడు ఇంకేమీ అడగకుండా, మొహం ముడుచుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు.

అతని టోపీ చెట్ల మధ్య కనుమరుగయ్యేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

బయ్యన్న నడుముకున్న సొరకాయ బుర్ర విప్పి, మూత తీసి అందించాడు.

"తాగు అబ్బయ్యా. మొదటిసారి గొంతు ఆరిపోయిద్ది."