మెడలు ముడిచిన కొంగలు

అనగనగా ఒక అడవిలో కొండవాగు ఒకటి ఉండేదర్రా. ఎగువన వాన పడితే, కాసేపటికి దిగువ రేవులో వరద ముంచుకొచ్చేది. అందుకని ఎగువ బండ మీద నాలుగు తెల్లకొంగలు కాపలా కాసేవి. బండ మెట్లు ఎన్ని మునిగాయో అవి మెడలతో చెప్పేవి.

మొదటి కొంగ మెడ ఎత్తితే ఒకటి. రెండోది ఎత్తితే రెండు. మూడోది ఎత్తితే నాలుగు. నాలుగోది ఎత్తితే ఎనిమిది. ఎత్తిన మెడలన్నీ కలుపుకుంటే లెక్క తేలిపోయేది. మెడ ఎత్తి ఉన్న కొంగకి ఇంకొకటి వచ్చి పడితే, అది మెడ ముడిచి పక్కదానికి అందించేది. అన్నీ ముడుచుకుంటే సున్నా. అంటే భయం లేదు, వాగు దాటొచ్చు. కంప్యూటర్ కూడా ఇంతేనర్రా. ఉంది, లేదు అనే రెండు గుర్తులతోనే అంకెలన్నీ దాచుకుంటుంది.

నాలుగో కొంగ పేరు ధవళుడు. వరసకి పెద్ద అతనే. ఒకనాడు కాటుక అనే నీటికాకి అతని దగ్గరికి వచ్చింది.

"అన్నా, నన్నూ నీ పక్కన నిలబడనీ. మీ నాలుగు మెడలూ ఎత్తితే పదిహేనే. పదహారో మెట్టు మునిగితే ఎలా చెబుతారు?" అంది.

"తెల్లటి వరసలో నల్లటి నువ్వా?" అని నవ్వాడు ధవళుడు. "పదహారో మెట్టు మునగడం మా తాతలే చూడలేదు. పో పో!"

కాటుక ఎగిరి వెళ్లిపోయింది.

ఆ ఏడు ఎగువన వాన తెరిపి ఇవ్వలేదు. ఒకనాడు చూస్తుండగానే పదిహేనో మెట్టు మునిగింది. నాలుగు మెడలూ నిక్కాయి. అంతలో ఇంకో మెట్టు మునిగింది. అలవాటు ప్రకారం మొదటి కొంగ మెడ ముడిచి, "ఒకటి ఎక్కువైంది, నువ్వందుకో" అంది. రెండోది అప్పటికే ఎత్తి ఉంది కదా, అదీ ముడిచి మూడోదానికి అందించింది. మూడోదీ ముడిచి ధవళుడికి అందించింది. ధవళుడు మెడ ముడిచి, "అందుకో" అంటూ పక్కకి తిరిగాడు.

పక్కన ఎవరూ లేరు.

అప్పుడే దిగువ రేవుకి చెంగలి అనే జింక తన పిల్లతో వచ్చింది. బండ వైపు చూసింది. "మెడలన్నీ ముడిచే ఉన్నాయి నాన్నా. పద, దాటేద్దాం" అంది.

నడివాగులో ఉండగా వరద వచ్చి పడింది. చెంగలి ఒక్కతే ఒడ్డెక్కింది.

వాన వెలిశాక ఆమె బండ దగ్గరికి వచ్చి నిలబడింది. "సున్నా అన్నారు కదన్నా" అంది. అంతే అంది.

ధవళుడు బండ దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. "పదహారు చెప్పడానికి మాలో ఒకళ్లు తక్కువయ్యారమ్మా. వస్తానన్నవాళ్లని తరిమింది నేనే" అన్నాడు.

తర్వాత అతనే వెళ్లి కాటుకని బతిమాలి తీసుకొచ్చాడు. కాటుక వచ్చి వరసలో ఐదోదిగా నిలబడింది. తను మెడ ఎత్తితే పదహారు. ఇప్పుడా వరస ముప్ఫై ఒకటి దాకా చెప్పగలదు. కానీ చెంగలి మళ్లీ ఆ రేవుకి రాలేదు. వాన లేని రోజుల్లో కూడా ధవళుడు అటే చూస్తూ ఉండిపోయేవాడు.

నీతి: తోడు వస్తానన్నవాళ్లని రంగు చూసి తరిమేస్తే, ఆ లోటు ఏ పాపం ఎరగనివాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.