లచ్చవ్వ సంచి

"గురువుగారూ, మందే కాలేయాన్ని పాడుచేస్తే, దానికి మళ్ళీ మందేమిటి?" అని డాక్టర్ సుభద్ర అడిగింది. వార్డు పెద్ద డాక్టరు నీలాంబరం గారు ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. ఎంత పెద్ద రోగమైనా సరే, నాడి పట్టకముందు రోగి చేత మందుల సంచి బోర్లింపజేయడం ఆయన అలవాటు. "పద, ఆరో మంచం సంచి చూద్దాం" అన్నారు.

ఆరో మంచం మీది లచ్చవ్వ బీడీలు చుట్టే మనిషి. క్షయకు రెండు నెలలుగా మాత్రలు మింగుతోంది. ఇప్పుడు కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. ఇంకాస్త ముదిరితే చేతికి దక్కదని సుభద్రకు తెలుసు. సంచిలోంచి క్షయ మాత్రలు, ఒళ్ళునొప్పుల బిళ్ళలు, కామెర్లకని ఎవరో ఇచ్చిన పసరు సీసా పడ్డాయి.

"కామెర్లొచ్చినంక గూడ మాత్రలు మింగినవా అవ్వా?" అని నీలాంబరం గారు ఆమె యాసలోనే అడిగారు.

"ఒక్క పూట తప్పలే సారూ. తప్పితే పానం బోతదని దవాఖానోళ్ళే చెప్పిండ్రు గద" అంది లచ్చవ్వ, కాస్త గర్వంగానే. సుభద్ర మనసు చివుక్కుమంది. ఆ మాట తను రోజుకు నలభై మందికి చెబుతుంది.

నీలాంబరం గారు క్షయ మాత్రలతో సహా అన్నీ ఆపించి, సంచి మూతి కట్టి అలమరలో పెట్టేశారు. సుభద్ర ఊరుకోలేక కాలేయానికి బలమిచ్చే మందులు నాలుగు రాసింది. ఆయన నాలుగూ కొట్టేసి, "లోపల పనివాడున్నాడమ్మా, పని చేసుకోనీ" అన్నారు. ఇక సెలైను, నెత్తురు పరీక్షలు, కనిపెట్టుకుని ఉండడం. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో సుభద్రకు ఆ రోజుల్లో తెలిసొచ్చింది. కాలేయం పూర్తిగా చేతులెత్తేస్తే ముందు కనబడే గుర్తులవే కనుక, లచ్చవ్వకు మాట తడబడుతోందా, చేతులు వణుకుతున్నాయా అని గంటకోసారి వెళ్ళి చూసేది.

పదిహేనో రోజు పొద్దున లచ్చవ్వ కళ్ళలో తెలుపు కనబడింది. "ఆకలైతుంది బిడ్డా, జొన్నరొట్టె దొరుకుతదా?" అంది. సుభద్ర వంగి ఆ కళ్ళు మళ్ళీ చూసింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. పాడైన చోటే, ఆ చీకట్లో, ఆ అవయవం తనను తాను తిరిగి కట్టుకుంటూ వచ్చింది. పుస్తకాల్లో చదివిందే, కళ్ళారా చూడడం మాత్రం ఇదే మొదలు. మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

క్షయ మాత్రం ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. పరీక్షలు మామూలుకొచ్చాక నీలాంబరం గారు అలమర తెరిచి, సంచిలోంచి ఒకే ఒక్క క్షయ మాత్ర తీసి సుభద్ర అరచేతిలో పెట్టారు.

"మిగతావి?" అంది సుభద్ర.

"ఇది ఇచ్చి పక్కన కూర్చో. కాలేయం ఒప్పుకుంటేనే రెండోది" అన్నారాయన. "ఈసారి పనివాణ్ణి అడిగి ఇద్దాం."