పోటమ్మ తల్లికి సగం హారతి

ఉప్పలరేవు ఊరు దాటి ఇసుక దిబ్బలు దిగితే, ఎదురుగా సముద్రంలో ఒక నల్లని బండ కనిపిస్తుంది. అదే పోటమ్మ తల్లి స్థానం. గుడి లేదు, గోపురం లేదు, విగ్రహం లేదు. బండ నెత్తిన ఒక నెర్రె, ఆ నెర్రెలో ఒక ఇత్తడి పళ్ళెం, దాని చుట్టూ పసుపు కుంకుమ. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, ఒడ్డు నుంచి బండ దాకా నడిచి వెళ్ళవచ్చు. పోటు వేళ, అంటే నీరు పొంగినప్పుడు, ఆ దారి కనిపించదు. పెద్ద పోటుకు బండ కూడా కనిపించదు.

తల్లి దర్శనం అష్టమి నాడు. ఆనాడు పాటు వేళకైనా దారి పూర్తిగా తేలదు. భక్తులు మోకాలి లోతు నీటిలో, చీరలూ పంచెలూ ఎగగట్టుకొని నడుస్తారు. అమావాస్యకూ పున్నమికీ మధ్యాహ్నం నీరు చాలా దూరం వెనక్కి పోతుంది. బండ దాకా ఇసుక పొడిగా, బండి తోలుకొని పోవచ్చునన్నంత వెడల్పుగా తేలుతుంది. ఆ రోజుల్లో మాత్రం ఒడ్డున రెండు గెడలు పాతి, వాటికి అడ్డంగా ఎర్రగుడ్డ కట్టి, ఎవరినీ వెళ్ళనివ్వరు. కొత్తగా వచ్చినవారు దీనికి ఆశ్చర్యపడతారు. కారణం తెలిశాక ఎవరూ ఆ గుడ్డ దాటరు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఎగువన ఏటిలో చేపలు పట్టుకొని బతికే కొన్ని కుటుంబాలు, ఏరు ఎండిపోవడంతో వలలు భుజాన వేసుకొని ఈ తీరానికి వచ్చాయి. వారికి పెద్ద పోలయ్య. ఏటి నీరు ఒక వైపే పోతుంది. రోజూ రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోయే నీటిని వారు అంతకు ముందు చూడలేదు.

వచ్చిన కొద్ది రోజులకే పున్నమి అయింది. నిండు చంద్రుడు పైకి వస్తుండగా సముద్రం పొంగి ముందు వరస గుడిసెలను తీసుకుపోయింది. తరువాత చంద్రుడు తరుగుతున్న కొద్దీ పోటు కూడా తగ్గుతూ వచ్చింది. చంద్రుడే నీటిని లాగుతున్నాడని పోలయ్య గ్రహించాడు. అది నిజమే. అయితే దాని నుంచి ఆయన మరో మాట కూడా తేల్చాడు. అమావాస్యకు చంద్రుడు ఉండడు గనుక ఆనాడు సముద్రానికి భయపడనక్కరలేదని అందరికీ చెప్పాడు.

అష్టమి దాటాక పోటు మళ్ళీ పెరగడం మొదలైంది. దాన్ని ఎవరూ గమనించలేదు. ఊరిలో విషజ్వరం పాకింది. ప్రతి ఇంటా ఒకరు మంచాన ఉన్నారు. అసిరమ్మ అనే వితంతువుకు గురువులు అనే ఒక్కడే కొడుకు. అతనికి ఒళ్ళు కాలిపోతూ మాట పడిపోయింది. సముద్రంలో బండ మీద గంగమ్మకు హారతి ఇచ్చి, దీపం తనంతట తాను కొండెక్కేదాకా కదలకుండా కూర్చుంటానని అసిరమ్మ మొక్కుకుంది. మొక్కు తీర్చడానికి పోలయ్య అమావాస్యను ఎంచాడు.

ఆ ఉదయం గురువులు భార్య కన్నమ్మ నీళ్ళ కుండతో వస్తూ ఒడ్డున ఆగింది. పొద్దుటి పోటు వదిలి వెళ్ళిన నాచు, పున్నమి పోటు వదిలిన నాచు పక్కనే పడి ఉంది. ఆమె వెళ్ళి పోలయ్యకు చెప్పింది.

“మామా, నీల్లు పున్నమంత పైకొచ్చి ఎల్లినాయి. ఇయాల వొద్దు.”

పోలయ్య వల అల్లుతూ తలెత్తలేదు. “సెందురుడే లేడు గదే పిల్లా. నీల్లనెవుడు లాగుతాడు, నువ్వా?”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అసిరమ్మ నవ్వలేదు. “నా కోడలికి గుండె లేదు గానీ కల్లున్నాయి మామా” అంది. అయినా పళ్ళెం, నూనె, అయిదు వత్తులు సర్దుకుంది. కొడుకు రేపటిదాకా ఆగుతాడన్న నమ్మకం ఆమెకు లేదు.

మధ్యాహ్నం అత్తాకోడళ్ళు బయలుదేరారు. వారు అంతకు ముందు ఎన్నడూ చూడని నేల ఆనాడు తేలింది. గవ్వలు, నల్లని గుండ్లు, ఒక పాత పడవ పక్కటెముకలు ఎండలో కనిపించాయి. చప్పుడు లేదు. సముద్రం ఎక్కడో దూరాన తెల్లని గీతలా ఉంది. బండ మీద కాసేపు సేదతీరి, గాలికి చాటు చూసుకొని, పొద్దు వాలుతుండగా అసిరమ్మ దీపం వెలిగించి సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

ముందు కదలిక చూసింది కన్నమ్మే. ఎండ్రకాయలు బండ ఎక్కసాగాయి. ఒకటీ రెండూ కాదు, గుంపులుగా, ఒకదాని మీద ఒకటి పడుతూ ఎక్కుతున్నాయి. ఆమె సముద్రం వైపు చూసింది. కెరటాలు ఇంకా దూరంగానే ఉన్నాయి. అప్పుడు వెనక్కి తిరిగి ఒడ్డు వైపు చూసింది. తాము నడిచి వచ్చిన అడుగుల్లో నీళ్ళున్నాయి. ఆమె చూస్తుండగానే ఒక్కొక్క అడుగూ నిండి, పక్క అడుగుతో కలిసిపోయింది. బండకూ ఒడ్డుకూ మధ్య నేల పల్లంగా ఉంది. పోటు ముందుగా ఆ పల్లంలోకి చుట్టు తిరిగి వస్తుంది. నురగ లేదు, కెరటం లేదు. ఇసుక రంగు మారుతోంది, అంతే.

“అత్తా, లే. ఎనకాల నుంచి వొచ్చేస్తంది.”

అసిరమ్మ వెనక్కి చూసి మళ్ళీ దీపం వైపు తిరిగింది. “సగంలో లేస్తే ఆడి పేనం సగంలో పోద్దే. నువ్వు పో.”

“నువ్వు లేకుండా నానెల్లి ఆడికేటి సెప్పాలి?”

“ఆడు బతికితే గంజి కాసి పొయ్యడానికి ఓ మనిసుండాల. పోవే అమ్మీ, నడుం లోతు అవకముందే పో.”

కన్నమ్మ చాలాసేపు బతిమాలి, చివరికి దిగింది. అప్పటికే బండ దగ్గర నడుము లోతు. పల్లం మధ్యకు వచ్చేసరికి గొంతు లోతు. కాళ్ళ కింద ఇసుక జారిపోతూ ఉంది. ఏటిలో పుట్టిన పిల్ల గనుక ఈత వచ్చు. ఆ నీటి లాగుడుకు ఆమె తిన్నగా చేరలేక, ఊరికి చాలా దూరాన ఒడ్డున పడింది. పడి లేచి గుడిసెకు పరుగెత్తింది.

గురువులు మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. పొరుగింటామె గంజి తాగిస్తోంది. ఆడవాళ్ళు ఇసుక మీద నడిచి వెళ్తుండగానే జ్వరం విడిచిందని ఆమె చెప్పింది. అప్పటికి దీపం వెలిగించనే లేదు.

“అమ్మేదే?” అన్నాడు గురువులు.

ఊరంతా ఒడ్డుకు వచ్చింది. బండ మీద దీపం కనిపిస్తోంది. కొడుకు లేచాడని, వచ్చేయమని అందరూ కేకలు వేశారు. గాలి సముద్రం మీద నుంచి ఎదురుగా కొడుతోంది. ఒక్క మాట కూడా అటు చేరలేదు. పోలయ్యే మొదట పడవను నీటిలోకి తోశాడు. కెరటం దాన్ని తిప్పి ఒడ్డున పడేసింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ అంతే. దీపం చాలాసేపు వెలిగింది. తరువాత కనిపించలేదు. వత్తి కొండెక్కిందో, నీరు అందిందో ఎవరికీ తెలియలేదు. ఆకాశంలో చంద్రుడు లేడు. సముద్రం దిబ్బల మొదలు దాకా వచ్చింది.

మరునాటి పాటుకు వెళ్ళి చూస్తే నెర్రెలో పళ్ళెం ఇరుక్కొని ఉంది. అసిరమ్మ దొరకలేదు.

కన్నమ్మకు ఆమె కలలో కనిపించింది. కలలో కూడా చీర తడిగానే ఉందట. “ఆకాసంలో లాగేవోడు ఒక్కడు కాదే, ఇద్దరు. సూరీడు కూడా లాగుతాడు. వలని ఒకే వరసలో పట్టి లాగితే పొడుగ్గా సాగుద్ది. ఒకడు నిలువుగా, ఒకడు అడ్డంగా లాగితే సాగదు. అమాసకీ పున్నానికీ ఇద్దరూ ఒకే వరసలో ఉంటారు. అట్టమికి ఒకడికొకడు అడ్డం. కాల్లు తడిసే రోజున నా కాడికి రండి. దారి ఆరిపోయిన రోజున రావొద్దు. ఇచ్చేది నాను ముందే ఇచ్చేస్తాను. నా దీపం కోసం ఎవులూ కూకోవొద్దు” అని చెప్పింది. పోటులో కలిసిన అసిరమ్మ నాటి నుంచి పోటమ్మ తల్లిగా పూజలందుకుంటోంది.

తల్లి చెప్పిన వల మాట శాస్త్రానికి దూరం కాదు. చంద్రుడు చిన్నవాడైనా దగ్గరివాడు గనుక పోటు తెప్పించడంలో అతని బలమే ఎక్కువ. సూర్యుడు ఎంత పెద్దవాడైనా దూరాన ఉన్నందున, పోటు విషయంలో అతని బలం చంద్రుని బలంలో సగం కూడా ఉండదు. సముద్రం చంద్రుని వైపూ, దానికి సరిగ్గా ఎదుటి వైపూ కూడా ఉబ్బుతుంది గనుక రోజుకు రెండు పోట్లు వస్తాయి. సూర్యచంద్రులు ఒకే పక్కన నిలిచినా, ఎదురెదురుగా నిలిచినా వరుస ఒకటే. అందుకే చంద్రుడు కనిపించని అమావాస్య పోటు పున్నమి పోటుకు ఏమాత్రం తీసిపోదు. ఆ రోజుల్లో నీరు ఎంత దూరం వెనక్కి పోతుందో అంత పైకి వస్తుంది. పెద్ద పోటు తిథి దాటిన ఒకటి రెండు రోజులకు కూడా రావచ్చు. ఎర్రగుడ్డను విదియ వెళ్ళేదాకా విప్పకపోవడం ఇందుకే.

నేటికీ ఇక్కడి పూజ కన్నమ్మ వంశపు కోడళ్ళదే. అష్టమి నాడు పూజారమ్మ అయిదు వత్తులు వెలిగించి, పళ్ళేన్ని సగం తిప్పి, నెర్రెలో ఉంచి, వెంటనే లేస్తుంది. ఆమెతో పాటు అందరూ లేవాలి. కళ్ళకద్దుకోవడానికి ఆగకూడదు, మొక్కు పూర్తిగా చెప్పుకోలేదని కూర్చోకూడదు. ఇంట జబ్బుమనిషిని వదిలి వచ్చినవారు ముందు నడుస్తారు, పూజారమ్మ అందరి కంటే వెనుక వస్తుంది. ఎవరైనా తడబడితే భుజం మీద చెయ్యి వేసి “నడు తల్లీ, ఇచ్చేసింది” అంటుంది. ఈ దీపం కొండెక్కడం చూసినవారు ఉప్పలరేవులో ఒక్కరూ లేరు. చూడాలని ఎవరూ కోరరు కూడా.