తాయారు అడుగుల అరిసెలు

వచ్చావా, రా. దుప్పట్లో దూరు. ఏం లేదు, అరిసెల మీద కాళ్ళు పెట్టి నడుస్తారా ఎక్కడైనా అని మీ అక్క నవ్వుతోంది. నడుస్తారు నాన్నా. నడవకపోతే తాయారు కథే లేదు.

అనగనగా ఒక లంక ఊళ్ళో వరహాలు అని ఒకావిడ. ఆవిడకి ఒక్కతే కూతురు, తాయారు. రెండేళ్ళు నిండాయి, పిల్ల పాకుతుందే గానీ నడవదు. ఒకరోజు రుబ్బురోలు పట్టుకుని లేచింది. అప్పుడు చెయ్యి వదిలింది. ఒక్క అడుగు వేసింది. ఆ తర్వాత దభీమని రోలు మీదే పడి గడ్డం చీరుకుంది.

అంతే. అప్పట్నించి నిలబెడితే చాలు, కాళ్ళు పైకి ముడిచేసుకునేది. నేలంటే భయం పట్టుకుంది. నెలయింది, రెండు నెలలయింది. వరహాలుకి అన్నం సయించకుండా పోయింది.

అప్పుడు వాళ్ళత్త అచ్చియ్యమ్మ అంది, "ఒక్కటైనా అడుగు అడుగే గదా. అడుగుల అరిసెలు వండి పరుద్దాం. మెత్తటిదాని మీద నిలబెడితే భయం పోతుందేమో."

"గట్టిగా వస్తేనో అత్తా?"

"గట్టిగా వస్తే మళ్ళీ కాళ్ళు ముడుస్తుంది. ఆ పైన ఎవరు బతిమాలినా దించదు."

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. అడుగుల అరిసెలు బిడ్డ తల్లే వండాలి. పెద్దవాళ్ళు పక్కన కూర్చోవచ్చు గానీ చెయ్యి పెట్టకూడదు, పాకం దిగేదాకా నోరు విప్పకూడదు.

వరహాలు పెళ్ళైన కొత్తలో ఒక్కసారి అరిసెలు వండింది. అవి కొరికి మావగారి పన్ను కదిలింది. ఆడపడుచు కాంతం ఆ సంగతి మర్చిపోతేగా. "వదినా, ఈసారి సుత్తి కూడా దగ్గర పెట్టుకో," అంది.

వరహాలు బియ్యం నానబోసింది. మర్నాడు వడేసి దంచింది. తడిపిండి ఆరకుండా గుడ్డ కప్పింది. బెల్లం గిన్నె పొయ్యి మీద పెట్టింది. పాకం చూడ్డానికి పళ్ళెంలో నీళ్ళు పోసి పొయ్యి గట్టు మీదే పెట్టుకుంది.

బెల్లం కరిగింది, పొంగింది. ఒక చుక్క నీళ్ళలో వేసింది. కరిగిపోయింది. కాసేపాగి రెండో చుక్క వేసింది. కరగలేదు గానీ ఉండ కట్టకుండా జారిపోయింది. అప్పుడు మూడో చుక్క. అదీ వేళ్ళ మధ్య సాగింది, ముద్దవలేదు.

గిన్నెలో చూస్తే పాకం చిక్కబడి బుడబుడమంటోంది. పళ్ళెంలో చూస్తే లేత పాకమే. ఏది నమ్మాలి? దించితే అరిసె నూనెలో విడిపోతుంది. ఉంచితే రాయి అవుతుంది. అచ్చియ్యమ్మ పీట మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంకా ఎంతసేపు వదినా? నాన్నకి ఉన్నవి నాలుగే పళ్ళు," అంది కాంతం.

ఈలోగా తాయారు పాక్కుంటూ పొయ్యి దగ్గరికే వచ్చేసింది. "పిల్లని పట్టుకో కాంతం," అని వరహాలు అనేలోపే పళ్ళెంలో చెయ్యి పెట్టేసింది.

పెట్టి, టపటపా కొట్టి, కిలకిలా నవ్వింది.

తాయారుకి చన్నీళ్ళంటే గిట్టదు. వేలు తడిస్తే చాలు, కెవ్వుమనేది. అలాంటిది నవ్వుతోందేమిటి? వరహాలు కూడా వేలు పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి. పొయ్యి సెగకి నీళ్ళు వేడెక్కాయి. వెచ్చటి నీళ్ళలో పాకం ఎలా ఉండ కడుతుంది?

కాంతం పిల్లని చంకనేసుకుంది. వరహాలు ఆ నీళ్ళు పారబోసి కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచింది. చుక్క వేసింది. వేలితో దగ్గరికి తీసింది. చక్కగా మెత్తటి ఉండ. ఇంకో పొంగు పొంగితే ముదిరిపోయేదే.

గిన్నె దించేసింది. అప్పుడు పిండి పోసి కలిపింది. ఆ తర్వాత నువ్వులద్ది, ఆకు మీద తట్టి, నూనెలో వేసింది. అచ్చియ్యమ్మ కొంగు వదిలి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పొద్దున్న తెల్లటి పంచె పరిచి, అరిసెలు వరసగా పేర్చారు. వరహాలు పిల్లని మొదటి అరిసె మీదికి దించింది. తాయారు కాళ్ళు ముడిచింది. మెల్లిగా ఒక కాలు చాపి బొటనవేలితో నొక్కి చూసింది. అరిసె మెత్తగా లొత్త పడింది. అప్పుడు రెండో కాలూ దించింది.

వరహాలు చేతులు వదిలింది. ఒక అడుగు. రెండో అడుగు. మూడో దానికి తూలి, చతికిలబడింది.

అమ్మ చేతులు చటుక్కున ముందుకొచ్చాయి. అచ్చియ్యమ్మ ఆ చేతులు పట్టుకుని ఆపింది.

"పడితే పడనీ వరాలూ, మెత్తగానే ఉందిగా."

తాయారు ఏడవలేదు. కిందికి చూసుకుంది. అరిసె ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆ తర్వాత అరచేతులు ఆనించి తనంతట తనే లేచి, అరిసెలన్నీ దాటి, పంచె దాటి, గచ్చు మీద నడుచుకుంటూ నాయనమ్మ ఒళ్ళో పడింది.

"లంచం తింటే గానీ నడవలేదు చూడు," అంది కాంతం, కళ్ళు తుడుచుకుంటూ.

అరిసె కంచంలోకి, కథ కంచికి,
తాయారు వీధిలోకి, మనం నిద్దట్లోకి.

ఏంటి, నా గడ్డం కింద తడుముతున్నావు? అది పాత మచ్చే. చెయ్యి తీసి కళ్ళు మూసుకో. మా నాయనమ్మ ఏమందో మళ్ళీ చెప్పాలా? చెబుతా, పడుకోవాలి మరి.

"పడితే పడనీ వరాలూ, మెత్తగానే ఉందిగా."